గట్టిపడిన ఎముక, కదలని పన్ను

ఇందిరాపురంలో ఒక అపార్ట్‌మెంటును ఊహించుకోండి. నల్గొండ జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ వారానికొకసారి పరగడుపున ఎముకల మాత్ర వేసుకుంటారు. పన్ను తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు దంతవైద్యునికి బి.పి. మాత్ర సంగతి చెబుతారు గాని, ఎముకల మాత్ర సంగతి చెప్పరు. పంటికీ దానికీ ఏం సంబంధం? మీరూ అలాగే అనుకుంటున్నట్లయితే కొంత చరిత్ర తిరగేయాలి.

మింగినది ఎముకనూ పంటినీ కూడా మార్చగలదని తెలుగునేల తాగునీటి ద్వారానే తెలుసుకుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నట్లు షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. నల్గొండ జిల్లా పరిస్థితిని 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. నీటిలో ఫ్లోరైడ్ మితిమీరిన గ్రామాలలో పిల్లల పళ్ళకు మచ్చలు పడేవి. పెద్దల వెన్ను కర్రలా బిగుసుకుపోయేది. ఎక్స్‌రేలో మాత్రం ఆ ఎముకలు మామూలు కంటే దట్టంగా కనిపించేవి.

ఫ్లోరైడ్‌కున్న ఈ గుణమే వైద్యులలో ఆశ రేపింది. ఎముకలు గుల్లబారే ఆస్టియోపొరోసిస్‌కు 1960ల నుంచి సోడియం ఫ్లోరైడ్‌ను వాడి చూశారు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 202 మంది మహిళలతో నాలుగేళ్ళు పరీక్ష జరిపి, ఫలితాలను 1990లో వెల్లడించారు. నడుము దగ్గరి వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. కాని వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు సరికదా, ఇతర ఎముకలు విరగడం ఎక్కువైంది. దట్టమైనదంతా దృఢమైనది కాదన్నమాట!

ఆ తరువాత రంగం మీదికి వచ్చినవి బిస్‌ఫాస్ఫొనేట్లు. వీటి ప్రభావాన్ని 1960ల చివర స్విస్ వైద్యశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ ఫ్లైష్ బృందం వెలుగులోకి తెచ్చింది. ఈ వర్గానికి చెందిన అలెండ్రొనేట్‌ను 1995లో అమెరికాలో ఆస్టియోపొరోసిస్‌కు అనుమతించారు. ఎముకలో ఒక జాతి కణాలు పాత గోడను కూల్చే కూలీలైతే, మరో జాతి కణాలు కొత్త గోడ కట్టే మేస్త్రీలు. ఈ మందు ఎముకలోనే ఏళ్ళ తరబడి నిలిచి, కూలీల చేతులు కట్టేస్తుంది. అందువల్ల ఎముక అరుగుదల తగ్గుతుంది. తుంటి, వెన్ను విరిగే ప్రమాదమూ తగ్గుతుంది.

అయితే ఎగుడుదిగుడు పళ్ళకు వేసే క్లిప్పు పనిచేసేది ఆ కూలీల వల్లనే! తీగ ఒత్తిన వైపు ఎముక కరిగి, రెండో వైపు కొత్త ఎముక ఏర్పడితేనే పన్ను జరుగుతుంది. కరగడం మందగిస్తే పన్ను మొరాయిస్తుంది. పళ్ళ మధ్య సందులు సరిగా మూసుకోకపోవచ్చు.

పన్ను పీకినప్పుడు చిక్కు మరింత లోతైనది. మందు వాడుతున్న 36 మందిలో దవడ ఎముక మానకుండా బయటపడి ఉండడాన్ని 2003లో అమెరికా శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ ప్రకటించారు. పాత వైద్యగ్రంథాలు చదివినవారికి ఈ దృశ్యం కొత్తకాదు. తెల్ల భాస్వరంతో అగ్గిపుల్లలు చేసే కార్మికుల దవడలు కుళ్ళిపోవడాన్ని వియన్నాలో లోరిన్సర్ 1845లోనే వర్ణించాడు. అలాంటి అగ్గిపుల్లలను మన దేశంలో 1913 నాటి చట్టం నిషేధించింది.

భయపడి మాత్రలు పారేయకండి. ఈ ముప్పు ముఖ్యంగా కాన్సర్ రోగులకు నరంలోకి పెద్ద మోతాదులో ఇచ్చే ఇంజెక్షన్లది. ఆస్టియోపొరోసిస్ మాత్రలతో ఇది చాలా అరుదు. తుంటి విరగడమే అంతకన్నా పెద్ద ఆపద. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కూ దవడ ముప్పు ఉంది. కాని దాన్ని ఉన్నట్టుండి ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. కనుక మానడమైనా, కొనసాగించడమైనా వైద్యుడే నిర్ణయించాలి.

మీరు చేయవలసింది చిన్న పని. వీలైతే మందు మొదలుపెట్టకముందే పళ్ళు చూపించుకుని, తీయవలసినవి తీయించుకోండి. మొదలుపెట్టాక నోరు శుభ్రంగా ఉంచుకోండి. క్లిప్పు వేయించుకునేవారు, పన్ను తీయించుకునేవారు మందు పేరు, ఎన్నాళ్ళుగా వాడుతున్నదీ చెప్పండి. ఎప్పుడో మానేసినా సరే చెప్పండి. మన పెద్దావిడ ఈసారి దంతవైద్యుని దగ్గరికి బయలుదేరేటప్పుడు, ఎముకల మాత్రల అట్ట ఆమె సంచిలో ఉండేలా చూడవలసింది ఇంట్లోవాళ్ళే.