నిప్పురవ్వ వెనుక రెండు తీగచుట్లు: ఇగ్నిషన్ కాయిల్ పుట్టుపూర్వోత్తరాలు

విశాఖ నుంచి అరకు బయలుదేరిన పెట్రోలు కారు ఎస్.కోట దాకా చక్కగానే వస్తుంది. అనంతగిరి ఘాట్ మొదలవగానే ఇంజను అదురుతుంది, లాగడం మానేస్తుంది. మెకానిక్కులు దీన్ని ‘మిస్సింగ్’ అంటారు. అందుకు కారణమయ్యే వాటిలో, ప్లగ్గులో నిప్పురవ్వకు కావలసిన వోల్టేజీ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి. దాన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. అది ఎలా పుట్టిందో తెలిస్తే ఆ పరీక్ష ఇంకా తేలిక.

1831లో మైఖేల్ ఫారడే, అయస్కాంత క్షేత్రం మారితే పక్కనున్న తీగలో కరెంటు పుడుతుందని కనుగొన్నాడు. 1836లో ఐర్లండ్‌లోని మేనూత్ కళాశాల ఆచార్యుడు, క్రైస్తవ గురువు నికొలస్ కాలన్ ఇనుప కడ్డీపై రెండు తీగలు చుట్టాడు: ఒకటి లావుగా, కొద్ది చుట్లతో; రెండోది సన్నగా, చాలా చుట్లతో. మొదటిదానిలో కరెంటు తటాలున ఆపితే రెండోదానిలో భారీ వోల్టేజీ పుట్టింది. పారిస్‌లో స్థిరపడిన జర్మన్ పనివాడు రుమ్‌కార్ఫ్ దీన్ని మెరుగుపరచి, 1864లో ఫ్రెంచి ప్రభుత్వం నుంచి 50,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. లెన్వార్ అనే ఆవిష్కర్త చేసిన 1860 నాటి గ్యాస్ ఇంజనులో ఇంధనాన్ని అంటించింది ఈ రకం కాయిలే.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లు చెక్కపెట్టెలో ఉండేవి. ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన పద్ధతి 1910 మోడల్ కెడిలాక్‌కు ఎక్కింది: బ్యాటరీ, కరెంటును తటాలున ఆపే పాయింట్లు, కండెన్సర్, అన్ని సిలిండర్లకూ కలిపి ఒకే కాయిల్. మన అంబాసిడర్ పెట్రోలు కార్లూ, తొలి మారుతి 800లూ నడిచింది ఈ పద్ధతిలోనే. ఇప్పుడు చాలా కార్లలో మళ్లీ ప్లగ్గుకో కాయిల్ వచ్చింది; పాయింట్ల పని ట్రాన్సిస్టర్ చేస్తుంది. 12 వోల్టులు వేలాది వోల్టులయ్యే సూత్రం మాత్రం కాలన్ నాటిదే. సంతలకు జనాన్ని మోసే డీజిల్ జీపులకు ఈ కాయిల్ అక్కర్లేదు; అణిచిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది.

ఘాట్‌లోనే లోపం బయటపడటానికి కారణముంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ ఎక్కువగా చేరి ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే మరింత వోల్టేజీ కావాలి. బలహీనపడ్డ కాయిల్ అంత ఇవ్వలేదు. పైగా ఇంజను వేడికి లోపలి తీగలో తెగిన చోటు విచ్చుకోవచ్చు. అరకు మంచుతడిలో కాయిల్ పగుళ్ల గుండా కరెంటు పక్కదారి పట్టవచ్చు.

పరీక్షకు మల్టీమీటర్ చాలు. ఇంజను ఆపి, తాళం తీసి, కాయిల్ వైర్లు విప్పండి. ముందు మీటర్ తీగల కొనలు ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకె గుర్తుపెట్టుకోండి. దాన్ని తర్వాత తీసివేయాలి. పాత గుండ్రటి కాయిల్‌లో చిన్న టెర్మినళ్ల మధ్య సాధారణంగా 3 ఓములు, బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న రకమైతే సుమారు 1.5 ఉంటుంది. చిన్న టెర్మినల్‌కూ నడిమి పెద్ద టెర్మినల్‌కూ మధ్య దాదాపు 6,000 నుంచి 15,000 ఓములు. మీ కారు మాన్యువల్ చెప్పిన అంకెదే తుదిమాట. అసలు కొలత రాకపోతే తీగ తెగింది. బాగా తగ్గితే చుట్లు కలిసిపోయాయి. చల్లగా ఉన్నప్పుడూ, వేడెక్కాకా కొలవండి.

ట్రాన్సిస్టర్ లోపలే ఉన్న కొత్త కాయిళ్లను ఇలా కొలవలేం. వాటికి మార్పిడే పరీక్ష: అనుమానమున్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి, స్కానర్‌లో మిస్‌ఫైర్ కూడా అక్కడికే వెళ్లిందేమో చూడండి. వెళ్తే దోషి కాయిలే. వెళ్లకపోతే ప్లగ్గు, వైరింగు, ఇంజెక్టర్ వైపు వెతకాలి.

రవ్వ వస్తోందా అని ప్లగ్గు వైరును చేత్తో పట్టుకుని బాడీకి దగ్గర పెట్టే పాత అలవాటు మానండి. ఆ దెబ్బ ప్రమాదకరం. పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు, కారులోని ఎలక్ట్రానిక్స్ పాడవ్వచ్చు. ఈ కొలతలు ఇంటి ముంగిట చేసుకుని బయలుదేరండి. ఘాట్ మలుపులో బండి ఆగాక చేయాల్సిన పని కాదిది.