జిల్లెళ్ళమూడి అమ్మ: సంసారంలోనే సాధన

జిల్లెళ్ళమూడి అమ్మ (28 మార్చి 1923 – 12 జూన్ 1985) అసలు పేరు అనసూయాదేవి. ఇల్లాలిగా ఉంటూనే ఆధ్యాత్మిక గురువుగా, భక్తుల దృష్టిలో జగన్మాతగా పూజలందుకున్నారు. జిల్లెళ్ళమూడి బాపట్ల మండలంలోని పల్లె.

నేపథ్యం

దైవాన్ని చేరడానికి సన్యాసం తప్పనిసరి కాదన్న మాట మన దేశంలో పాతదే. జనకుడు రాజ్యమేలుతూనే బ్రహ్మజ్ఞాని అయ్యాడని ఉపనిషత్తులు చెబుతాయి. తెలుగునాట అన్నమయ్య, పోతులూరి వీరబ్రహ్మం సంసారులే. అయితే ఈ దారికి ఉదాహరణలుగా వినిపించేవి ఎక్కువగా మగవారి పేర్లు. వంటింటి పనిని, పిల్లల పెంపకాన్ని సాధనలో భాగం చేయడం జిల్లెళ్ళమూడి ప్రత్యేకత.

జీవితం

అమ్మ పొన్నూరు దగ్గరి మన్నవలో సీతాపతిరావు, రంగమ్మ దంపతులకు జన్మించారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. 1936లో జిల్లెళ్ళమూడి కరణం బ్రహ్మాండం నాగేశ్వరరావుతో బాపట్లలో పెళ్లయింది. భక్తులు ఆయనను ‘నాన్నగారు’ అన్నారు. వారికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కాపురం చేసుకుంటూనే అమ్మ ఊళ్లోని ఇల్లాళ్లతో రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టించి, లేనివారి ఆకలి తీర్చే ఏర్పాటు చేశారు.

బోధ

అమ్మ ఎవరికీ ప్రత్యేక దీక్షలు, కఠిన నియమాలు విధించలేదు. కన్నబిడ్డను చూసినట్టే అందరినీ చూడగలిగితే అదే దైవదర్శనమని, చేతిలోని పనిని దైవం అప్పగించినదిగా భావించి చేస్తే సంసారమే సాధన అవుతుందని ఆమె బోధ సారం. కుల, మత భేదం పాటించలేదు. నాస్తికులనూ ఆదరించారు. వచ్చినవారిని ముందుగా భోజనానికి పంపేవారు.

సంస్థలు

1958 ఆగస్టు 15న నిత్యాన్నదానానికి అన్నపూర్ణాలయం మొదలైంది. తరువాత ‘అందరిల్లు’ వెలిసింది. 1971లో ప్రాచ్య కళాశాల ఏర్పడింది. 1973లో అమ్మ స్వర్ణోత్సవాల వేళ లక్షమందికి పైగా భోజనం చేశారు. షిర్డీ సాయి సాహిత్యంతో పేరొందిన ఎక్కిరాల భరద్వాజ ఇక్కడ కొంతకాలం ఉండి, అమ్మపై ఇంగ్లీషులో పుస్తకం రాశారు.

నాన్నగారు 1981లో కన్నుమూశారు. భార్యాభర్తలిద్దరి సమాధులూ జిల్లెళ్ళమూడిలోని అనసూయేశ్వరాలయంలోనే ఉన్నాయి. అన్నపూర్ణాలయంలో అన్నదానం నేటికీ సాగుతోంది.