నీళ్లు లేని జలపాతం

అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగాన ఒక జలపాతం ఉంది. ఎత్తు 400 అడుగులు, వెడల్పు మూడున్నర మైళ్లు. పైనుంచి మాత్రం నీటిచుక్క పడదు! చుట్టూ మట్టి కొట్టుకుపోయి, నల్లరాయి బయటపడ్డ బీడు. ఇది ఎలా ఏర్పడిందో చెప్పినందుకు ఒక పెద్దమనిషి దాదాపు 40 ఏళ్లు మాటలు పడ్డారండీ.

ఆయన పేరు హార్లెన్ బ్రెట్జ్. మొదట సియాటిల్‌లో హైస్కూలు మాస్టారు, తర్వాత చికాగో యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం ప్రొఫెసరు. 1922 నుంచి వేసవుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ రాళ్లలో తిరిగారు. భార్యా పిల్లలూ కూడా వెళ్లేవారట. ఆ ఎండలో వంట అవస్థ ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

ఈ నేలను నదులు మెల్లగా కోసినవి కావు, ఒక మహావరద కొద్దికాలంలో చెక్కేసింది అని 1923లో రాశారు. అంతే, గగ్గోలు! కొండైనా లోయైనా లక్షల ఏళ్లు కొంచెం కొంచెంగా అరిగి ఏర్పడాల్సిందేనని అప్పటి పండితుల నమ్మకం. మతగ్రంథంలోని ప్రళయంతో అన్నిటికీ జవాబు చెప్పే పాత అలవాటును ఎంతో కష్టపడి వదిలించుకున్న శాస్త్రం అది. మళ్లీ వరద అంటే ఊరుకుంటారా? 1927లో వాషింగ్టన్ నగరంలో సభచేసి నిలదీశారు. నిలదీసినవాళ్లలో చాలామంది ఆ నేల మొహం చూడలేదు. అయితే ఒక ప్రశ్న న్యాయమైనదే. అన్ని నీళ్లు ఎక్కడివి? దానికి ఆయన దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు తూర్పున మోంటానాలో ఉంది. మంచుయుగంలో అక్కడో పెద్ద సరస్సు ఉండేదని జోసెఫ్ పార్డీ 1910లోనే రాశారు. 1940లో ఆయనే ఇంకో సంగతి బయటపెట్టారు. గోదావరిలో నీరు తీశాక ఇసుకమీద వేలెడు ఎత్తున అలల చారలు మిగులుతాయి, చూశారుగా? అలాంటివే ఆ సరస్సు అడుగున ఉన్నాయి. ఇసుకవి కాదు, గులకరాళ్లవి. ఎత్తు 30 అడుగుల పైమాటే! నిలవనీరు అలాంటి పని చెయ్యదు. మంచుగడ్డ నదికి అడ్డంపడి ఆనకట్ట అయింది, వెనక 2000 అడుగుల లోతు నీరు చేరింది. మంచు తేలే వస్తువు గదా, నీరు పెరిగేసరికి కట్ట అడుగు లేచి తెగిపోయింది. ఇదంతా సుమారు 15 వేల ఏళ్ల కిందటి మాట. బ్రెట్జ్ మొదట ఒకే వరద అనుకున్నారు గానీ, కట్ట పడటం, తెగటం పదుల సార్లు జరిగిందని తర్వాతివాళ్లు తేల్చారు.

1965లో దేశదేశాల శాస్త్రజ్ఞులు ఆ నేలంతా తిరిగి చూసి, మేమూ మీ మాటే అంటున్నామని ఆయనకు టెలిగ్రాం కొట్టారు. 1979లో అమెరికా భూగర్భశాస్త్ర సంఘం పెన్‌రోజ్ పతకం ఇచ్చింది. అప్పటికి ఆయనకు 96 దాటాయి. నా శత్రువులంతా పోయారు, ఇక ఎవరిముందు గొప్పలు పోను అని కొడుకుతో అన్నారట.