దారి ప్రక్కన టెలిఫోను

మోటారు బండి మానవునికి వేగంతోపాటు ఒక కొత్త నిస్సహాయతను కూడా తెచ్చిపెట్టింది. ఎద్దుబండి ఇరుసు విరిగితే ప్రక్క ఊరి వడ్రంగి చాలును. మోటారు నిర్జన మార్గంలో ఆగిపోతే, దాని మర్మం తెలిసినవాడు ఎన్ని క్రోసుల దూరంలో ఉన్నాడో, అతనికి కబురు అందించడం ఎట్లాగో తోచేది కాదు.

ఇంగ్లండులో 1905 లో ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘం ఏర్పడింది. అతివేగాన్ని పట్టుకొనడానికి పోలీసులు పొంచి ఉన్న తావులను వాహనదారులకు ముందుగా తెలుపడమే దాని తొలి ఉద్యమం. తరువాత ఈ సంఘపు గస్తీవారికి ఎండవానలలో నిలువనీడగా దారి ప్రక్కన చిన్న చెక్కగదులు వెలిశాయి. క్రమంగా వాటిలో టెలిఫోను అమరింది. సభ్యుడైన ప్రతివానికి ఒక తాళపుచెవి ఇచ్చేవారు. అర్ధరాత్రి కొండదారిలో బండి మొరాయించినా, ఆ గది తెరచి సహాయం కోరవచ్చును. లేక్ డిస్ట్రిక్ట్ సీమలో డన్‌మెయిల్ రెయిజ్ అనే కనుమ వద్ద 487 వ సంఖ్య గల గది రక్షిత కట్టడంగా నిలిచి ఉంది.

అయితే తాళపుచెవి లేని బాటసారి మాటేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం ఒక విషాదం నుండి వచ్చింది. 1969 మే 3 న జర్మనీలోని వినెండెన్ పట్టణంలో బ్యోర్న్ స్టైగర్ అనే ఎనిమిదేళ్ల బాలుని ఒక కారు ఢీకొన్నది. కబురు వెంటనే వెళ్లింది. అంబులెన్సు వచ్చేసరికి దాదాపు గంట గడిచింది. ఆసుపత్రికి చేరకముందే బాలుడు కన్నుమూశాడు. తల్లిదండ్రులు ఆ సంవత్సరమే బిడ్డ పేర ఒక సంస్థను స్థాపించారు. పిలుపు, వాహనం, వైద్యం ఒకే గొలుసులోని కడియాలనీ, ఏ ఒక్కటి తెగినా ప్రాణం నిలువదనీ వారు గుర్తించారు. వారి కృషివలన గ్రామసీమల రహదారుల వెంట వేలాది టెలిఫోను స్తంభాలు వెలిశాయి. వాటికి తాళం లేదు, రుసుము లేదు. పిలుపు ఏ స్తంభం నుండి వచ్చినదో అవతలివారికి తెలుస్తుంది గనుక, దారి తెలియని పరదేశికి కూడా సహాయం అందుతుంది. 1973 లో 110, 112 అనే అత్యవసర సంఖ్యలను దేశమంతటా అమలుపరచే నిర్ణయం జరిగింది.

చేతి ఫోన్లు వచ్చిన పిమ్మట ఇంగ్లండులోని ఆ గదుల టెలిఫోన్లు 2002 లో మూగవోయాయి. జర్మనీ గ్రామీణ మార్గాలలో స్తంభాలను క్రమంగా తొలగించారు. ఆటోబాన్ మహారహదారులపై మాత్రం అవి ఇంకా పనిచేస్తున్నాయి. మన తెలుగునాట 2005 ఆగస్టు 15 న ప్రారంభమైన 108 సేవకు కూడా మూలసూత్రం ఇదే: ఆపదలో ఉన్నవాడు ఎవరని అడుగరు, ఎక్కడ ఉన్నాడని మాత్రమే అడుగుతారు. సభ్యుని తాళపుచెవితో మొదలైన సౌకర్యం సర్వజనుల హక్కుగా మారడానికి దశాబ్దాలు పట్టింది.