ఏసీ గుండెచప్పుడు: మూసిన డబ్బా లోపలి జబ్బుని చెవి ఎలా పట్టింది?

మే నెల, రాత్రి పదకొండు. ఏసీ ఆన్ చేశారు. గాలి వస్తోంది, చల్లదనం లేదు. బయట యూనిట్ కొన్ని సెకన్లు "గుయ్‌య్" మని మూలిగి, "టక్" మని ఆగిపోతోంది. కాసేపాగి మళ్లీ అదే. మెకానిక్ వచ్చి "కంప్రెసర్ పోయింది" అన్నాడంటే బిల్లు వేలల్లో! నిజంగా పోయిందా? ఆ శబ్దంలోనే సగం జవాబు ఉంది. దాన్ని వినే విద్య మొదలైంది మాత్రం ఆసుపత్రిలో.

కుండ కొనేటప్పుడు మనం తట్టి చూస్తాం కదా? ఖంగుమంటే మంచిది, లేదంటే పగులు. ఆస్ట్రియా డాక్టర్ అవెన్‌బ్రుగ్గర్ మనిషి ఛాతీని అలాగే తట్టాడు. ఆయన తండ్రిది సత్రం. పీపాలో సారా ఎంతుందో తట్టి తెలుసుకోవడం అక్కడే చూశాడంటారు. 1761లో పుస్తకం వేస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1808లో కోర్విసార్ దాన్ని ఫ్రెంచ్‌లోకి తెచ్చాకే పేరొచ్చింది. అంటే 47 ఏళ్లు!

కోర్విసార్ శిష్యుడే లెనెక్. 1816లో ప్యారిస్‌లో ఒక అమ్మాయి ఛాతీకి చెవి ఆనించడం బాగోదని, కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడు. గుండెచప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. అదే స్టెతస్కోప్. మన మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటారు చూడండి, సూత్రం అదే. గట్టి వస్తువు శబ్దాన్ని బాగా మోస్తుంది.

మరి ఏసీకి ఇది ఎందుకంత అవసరం? పాత కంప్రెసర్లలో మోటార్ బయట ఉండేది, షాఫ్ట్ లోపలికి వెళ్లేది. ఆ సందులోంచి గ్యాస్ లీకయ్యేది. అందుకని మోటార్‌నీ కంప్రెసర్‌నీ ఒకే స్టీలు డబ్బాలో పెట్టి వెల్డింగ్ చేసేశారు. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల మానిటర్ టాప్ ఫ్రిజ్ ఇలాంటిదే. లీకేజీ బాధ తగ్గింది, కానీ విప్పి చూసే దారి పోయింది. ఛాతీ లాగే!

ఇప్పుడు మన "గుయ్‌య్... టక్" కి వద్దాం. మన కరెంటు 50 హెర్ట్జ్. మోటార్‌లో అయస్కాంతపు లాగుడు సైకిల్‌కి రెండుసార్లు, అందుకే ఆ మూలుగు 100 హెర్ట్జ్. మూలుగుతోందంటే కరెంటు అందుతోంది, మోటార్ మాత్రం తిరగట్లేదు. వేడెక్కగానే ఓవర్‌లోడ్ స్విచ్ "టక్" మని ఆపేస్తుంది. ఇన్వర్టర్ కాని ఏసీలో కారణం కెపాసిటర్ కావచ్చు, వోల్టేజ్ తక్కువ కావచ్చు, లేదా కంప్రెసర్ నిజంగానే పట్టేసి ఉండొచ్చు. కెపాసిటర్ ఖర్చు వందల్లో, కంప్రెసర్ ఖర్చు వేలల్లో. చెవి అనుమానం చెప్తుంది, మీటర్ తేలుస్తుంది.

తర్వాతి మలుపు మా సాఫ్ట్‌వేర్ వాళ్లది. 1965లో కూలీ, టూకీ ఎఫ్‌ఎఫ్‌టీ పద్ధతిని ప్రచురించారు. కలిసిపోయిన శబ్దాన్ని ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో విడదీసే లెక్క అది. 1024 శాంపిల్స్‌కి పాత దారిలో సుమారు 10 లక్షల లెక్కలైతే, ఇందులో సుమారు 10 వేలు. అందుకే ఇప్పుడు మీ ఫోన్ కూడా ఆ పని చేసేస్తుంది.

చెవికి అందనివీ ఉన్నాయి. గ్యాస్ సన్న రంధ్రంలోంచి చిమ్మితే 20,000 హెర్ట్జ్ పైన కూడా శబ్దం పుడుతుంది. అల్ట్రాసోనిక్ డిటెక్టర్ దాన్ని మనకి వినపడే స్థాయికి దించుతుంది.

కాబట్టి ఫ్రెండ్స్, ఏసీ మొరాయిస్తే ముందు దాని శబ్దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేయండి. మెకానిక్‌కి వినిపించి, "అన్నా, కెపాసిటర్ చెక్ చేశారా?" అని ఒక్క మాట అడగండి. మీరు మాత్రం మూత విప్పకండి, స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!