పదహారు మాటల కవిత: ఇమేజిస్టు లఘుకవితల అర్థనిర్ణయంలో సందర్భం పాత్ర

అమెరికన్ కవి విలియం కార్లోస్ విలియమ్స్ 'స్ప్రింగ్ అండ్ ఆల్' 1923లో ఫ్రాన్సులోని దిజోన్ నగరంలో అచ్చయింది. వేసినవి సుమారు 300 ప్రతులే. వచనమూ పద్యమూ కలగలిసిన ఆ గ్రంథంలో 22వ సంఖ్య కింద శీర్షిక లేని చిన్న కవిత ఒకటి ఉంది. మొత్తం పదహారు ఆంగ్లపదాలు, ఎనిమిది పాదాలు, నాలుగు ఖండికలు. ప్రతి ఖండికలోనూ మొదటి పాదానికి మూడు మాటలు, రెండవదానికి ఒక్కటే. వాననీటితో నిగనిగలాడే ఎర్రని ఒంటిచక్రం తోపుడుబండి, దాని పక్కన తెల్లకోళ్లు. ఇంతే వస్తువు. ఆ నిగనిగను చెప్పే మాటలో పూత అనే స్ఫురణ కొంత ఉన్నా, ఉపమ అనదగింది లేదు, హర్షవిషాదాలను పేర్కొనే పదమూ లేదు. ఆ బండి మీద ఎంతో ఆధారపడి ఉందని కవిత ఆరంభంలోనే చెబుతుంది. ఆధారపడినది ఏమిటో చివరిదాకా చెప్పదు.

ఈ మౌనానికి పూర్వచరిత్ర ఉంది. షికాగోలో హారియెట్ మన్రో నడిపిన 'పొయెట్రీ' పత్రిక 1913 మార్చి సంచికలో ఎఫ్.ఎస్. ఫ్లింట్ పేరుతో వెలువడిన వ్యాసం ఇమేజిస్టుల మూడు నియమాలను ప్రకటించింది. వస్తువును సూటిగా చెప్పడం, ప్రయోజనం లేని ఒక్క మాటనూ వాడకపోవడం, యాంత్రికమైన తాళగతిని విడిచి సంగీత పదబంధంలోని లయను అనుసరించడం అనేవి ఆ నియమాలు. వీటిలో రెండవదాని ఆచరణ ఎలాంటిదో ఎజ్రా పౌండ్ 1914లో వివరించాడు. పారిస్ మెట్రో స్టేషనులో చూసిన ముఖాలపై మొదట ముప్పై పాదాల కవిత రాసి చింపేశాడు. ఆరు నెలల తరువాత అందులో సగం నిడివి గల మరో కవిత రాశాడు. మరో ఏడాదికి హైకూ వంటి ఒక్క వాక్యం మిగిలింది. కనుక ఇమేజిస్టు కవితలో క్లుప్తత చాలావరకు తొలగింపు ఫలితం. తొలగించినది అర్థంలోంచి కూడా పోయిందా అన్నదే పాఠకునికి మిగిలే చిక్కు. 1923 నాటికి ఆ బృందం చెదిరిపోయినా, 1914 నాటి తొలి సంకలనంలో స్థానం పొందిన విలియమ్స్ ఆ పద్ధతిని విడవలేదు.

తరువాతి సంకలనకర్తలు ఈ కవితను చుట్టూ ఉన్న వచనం నుంచి విడదీసి, 'ఎర్రని తోపుడుబండి' అని అర్థమిచ్చే శీర్షిక తగిలించారు. తరగతి గదుల్లోకి వచ్చింది ఈ ఒంటరి రూపమే. దానిపై మూడు రకాల పఠనాలు బలపడ్డాయి. బండిని, వాననీటిని చెప్పే సమాసాలు పాదాంతంలో విరగడం వల్ల చూపు ఒక్కొక్క వస్తువు దగ్గర ఆగుతుందని రూపవాదులు చూపారు. కవితలోనే ఆధారం ఉన్నందున ఇది నిలిచే పఠనం. ఎరుపు విప్లవానికి, తెలుపు పవిత్రతకు ప్రతీకలనే పఠనానికి అలాంటి ఆధారం కనబడదు. ఇక, వైద్యుడైన కవి రోగగ్రస్తమైన బిడ్డ మంచం పక్కన కూర్చుని కిటికీలోంచి ఈ దృశ్యం చూశాడనే కథ. ఎందరో అధ్యాపకులు చెప్పిన ఈ కథకు విలియమ్స్ స్వయంగా ఇచ్చిన వివరణలో చోటు లేదు. ఖాళీని భరించలేని పఠనం కథలను ఇలాగే పుట్టిస్తుంది.

ఈ సమస్య అలంకారశాస్త్రం చదివినవారికి కొత్తది కాదు. సూర్యుడు అస్తమించాడు, పక్షులు గూళ్లకు చేరుతున్నాయి వంటి మాటలు కావ్యమెలా అవుతాయని, అది వార్త మాత్రమేనని భామహుడు ఆక్షేపించాడు. దండి మాత్రం స్వభావోక్తికి అలంకారాలలో మొదటి స్థానమిచ్చాడు. అయితే ఇక్కడ ఎక్కువగా అక్కరకొచ్చేది మమ్మటుడు. భామహుడు వార్తగా తోసిపుచ్చిన ఆ సూర్యాస్తమయ వాక్యాన్నే ఆయన వ్యంజనకు ఉదాహరణగా తీసుకున్నాడు. వాచ్యార్థం అందరికీ ఒక్కటే. వక్తను, శ్రోతను, ప్రకరణాన్ని బట్టి వ్యంగ్యార్థం మాత్రం మారుతుంది: పశువులను తోలుకురమ్మని ఒకరికి, సంధ్యావందనానికి వేళయిందని మరొకరికి, ప్రియుడు వచ్చే సమయమని ఇంకొకరికి. అంటే సాదా వాక్యానికి అర్థలోపం లేదు, ప్రకరణం తెలియకపోవడమే లోపం. ఇస్మాయిల్ హైకూలపై 'చక్కని పదచిత్రం' అనే ప్రశంసతో విమర్శ ఆగిపోయిన సందర్భాలకూ ఈ మాట వర్తిస్తుంది.

మరి తోపుడుబండికి ప్రకరణం ఏది? మూడు దశాబ్దాల తరువాత, 1954లో విలియమ్స్ దానిని వెల్లడించాడు. మార్షల్ అనే వృద్ధ నల్లజాతీయునిపై ఉన్న ఆప్యాయతలోంచి ఆ కవిత పుట్టిందని, ఆ బండిని, కోళ్లను అతని పెరట్లోనే చూశానని చెప్పాడు. అతడు న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్‌లో కవి ఇంటికి దగ్గరలోనే నివసించిన థాడియస్ మార్షల్ అని విమర్శకుడు విలియం లోగన్ 2015 ప్రాంతంలో నిర్ధారించాడు. మార్షల్ వీధుల్లో తిరిగి కూరగాయలు అమ్ముకునేవాడు.

ఈ వివరం తెలిశాక ఆధారపడటం అనే మాటకు జీవనోపాధి అనే వ్యంగ్యం చేరుతుంది. దీనివల్ల రూపవాద పఠనం అబద్ధం కాదు, అసంపూర్ణమని మాత్రం తేలుతుంది. కవిత మార్షల్ గురించినదే అనడమూ అతివ్యాప్తి, ఎందుకంటే పదహారు మాటల్లో మనిషి ఎక్కడా లేడు. అసలు ప్రశ్న అక్కడే ఉంది. ప్రయోజనం లేని మాటను తీసివేయాలనే నియమం కింద పనిముట్టు మిగిలి, దాన్ని తోసినవాడు జారిపోయాడు. ఆప్యాయత గురించి కవి చెప్పినది నిజమే కావచ్చు. అయినా ఆ సంగతి తెలియకుండానే పాఠకులు దశాబ్దాలపాటు ఆ బండి అందాన్ని మెచ్చుకున్నారు. క్లుప్తతను గుణంగా గణించే విమర్శ, తొలగింపులో ఎవరు పోయారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మార్షల్ సమాధిపై 2015 జూలై వరకు పేరు చెక్కిన రాయి లేదు.