పన్నెండు రోజుల సముద్రం

ఎనభైల్లో మా అమ్మ రామేశ్వరం వెళ్ళొచ్చినప్పుడు కొనుక్కొచ్చిన తెల్లని పగడపు రాయి చాలా ఏళ్ళు మా ఇంటి షోకేసులో ఉండేది. అది రాయి కాదనీ, వేల చిన్న ప్రాణులు కట్టుకున్న గూడనీ నాకు తెలిసేసరికి నా పిల్లలు బడికి వెళ్తున్నారు. అది ఎక్కడిదో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టి, మన్నార్ సింధుశాఖలో సముద్రపు నాచు ఏరుకునే ఆడవాళ్ళ దగ్గరికి చేరాను.

రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య 21 చిన్న దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. ఆ పగడాలను దశాబ్దాల పాటు పెళ్ళగించి సున్నానికీ కట్టడాలకూ తరలించారు. రెండు దీవులు నీట మునిగిపోయాయి. 1986లో ప్రభుత్వం ఈ దీవులను సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించింది. 1989లో 10,500 చదరపు కిలోమీటర్ల జీవావరణ రిజర్వు ఏర్పడింది. 2001లో పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ దొరికింది. చట్టాల చరిత్ర ఇది. అవసరమైన చరిత్రే. కానీ రోజూ ఆ నీళ్ళలో మునిగి లేచే మనుషులు ఇందులో ఎక్కడున్నారు?

పాంబన్ దీవిలోని చిన్నపాలం లాంటి ఊళ్ళలో ఆడవాళ్ళు వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని, రబ్బరు చెప్పులేసుకుని, చీరలతోనే సముద్రంలోకి దిగుతారు. ఊపిరి బిగబట్టి మునిగి నాచు తెస్తారు. మన వంటింట్లో చైనా గ్రాస్ అనుకునే అగర్ తయారయ్యేది ఇలాంటి నాచుతోనే. 2000 తర్వాత పార్కు నిబంధనలు బిగిశాయి. దీవుల దగ్గర కనబడితే చాలు, వీళ్ళు దొంగలైపోయారు. పగడాన్ని తవ్వి అమ్మిన చెయ్యీ, నాచు గిల్లిన చెయ్యీ ఒకటేనా?

వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. సంఘం పెట్టుకున్నారు, అధికారులతో మాట్లాడారు, గుర్తింపు కార్డులు అడిగారు. పగడాలను గీరే ఇనప పనిముట్లు మానేశారు. అమావాస్యకు ఆరు రోజులు, పౌర్ణమికి ఆరు రోజులు, నెలకు 12 రోజులే నాచు తీయాలని కట్టుబాటు చేసుకున్నారు. వేసవిలో నాచు పెరగడానికి కొన్ని వారాలు పూర్తిగా ఆపేస్తారు. ఈ పోరాటంలో ముందు నిలిచిన చిన్నపాలం లక్ష్మికి 2015లో అమెరికా సంస్థ సీకాలజీ బహుమతి ఇచ్చింది.

ఇదే సమయంలో 'ప్రత్యామ్నాయ జీవనోపాధి' పేరుతో బయటినుంచి తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచును పెంచమన్నారు. అది కురుసడై దీవి పగడాల మీద పాకి వాటిని కమ్మేస్తోందని 2008లో శాస్త్రవేత్తలే చెప్పారు. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబోయాయి. ఆ వేడి చిన్నపాలం పొయ్యిల్లోంచి రాలేదు. అయినా ఆదాయంలో కోత పెట్టుకున్నది మాత్రం అక్కడి ఆడవాళ్ళు.

పేదవాళ్ళకు పర్యావరణం గురించి నేర్పాలని మనం తరచూ అంటుంటాం. నెలలో మిగతా 18 రోజులు ఇల్లు ఎలా గడపాలో ఆలోచించుకుని మరీ సముద్రాన్ని వదిలిపెట్టిన వాళ్ళకు ఎవరు ఏం నేర్పుతారు? మా షోకేసులో రాయి పెట్టుకున్న నేనా?